ఇంటికి పోదాం రామ్మా

శ్రోతలకు నమస్కారం.

సాయంత్రం ఆరు కాగానే మా అమ్మ కొంగు సర్దుకుని వాకిట్లోకి వస్తుంది. "ఇంటికి పోదాం రామ్మా, పొద్దుపోతా ఉంది, మా నాయన ఎదురు చూస్తా ఉంటాడు" అంటుంది. తిరుపతిలోని ఈ ఇంట్లో ఆమె నలభై ఏళ్లుగా ఉంటోంది. వాళ్ల నాయన పోయి అంతకంటే ఎక్కువే అయింది. మొదట్లో నేను ఉన్న మాట ఉన్నట్టు చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ ఆ చావు కబురు ఆమెకు కొత్తదే, ప్రతిసారీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. నిజం చెప్పడం నా ధర్మమనుకుని ఆమెను ఎన్నిసార్లు తండ్రి లేనిదాన్ని చేశానో! ఇప్పుడు చేట ముందు పెట్టి, "ఈ చెనక్కాయలు వొలిచి పోదాంలేమ్మా" అంటాను. వొలుస్తూ వొలుస్తూ ఆమె ప్రయాణం సంగతి మరిచిపోతుంది.

మా అమ్మకు ఉన్న జబ్బు పేరు డిమెన్షియా, అంటే మెదడు దెబ్బతిని జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోవడం. ఇది వయసుతో వచ్చే మామూలు మతిమరుపు కాదు. కూరలో ఉప్పు వేశామో లేదో గుర్తులేకపోవడం ఎవరికైనా ఉన్నదే. యాభై ఏళ్లు సంగటి కెలికిన మనిషి, ముందు ఎసరు పెట్టాలో పిండి పోయాలో తెలియక పొయ్యి ముందు నిలబడిపోతే అది జబ్బు. 2023లో వెలువడిన ఒక జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే దాదాపు 88 లక్షల మందికి ఇది ఉంది. చాదస్తమని తోసేయకుండా నరాల వైద్యులకు చూపించండి. మన ఊళ్లో స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. బి12 లోపం, థైరాయిడ్ లోపం, తీవ్రమైన దిగులు కూడా ఇలాగే కనిపించవచ్చు, వాటికి మందులున్నాయి.

యాత్రికుల ఊరు కావడం వల్ల మాకు ఒక భయం ఎక్కువ. గోవిందరాజస్వామి గుడి వీధిలో ఒంటరిగా నడిచే ముసలామెను చూసి ఎవరికీ అనుమానం రాదు, తన వాళ్లు వెనక వస్తున్నారనుకుంటారు. అందుకే అమ్మ రవికె లోపలివైపు మా ఫోన్ నంబరు రాసిన గుడ్డ ముక్క కుట్టాను.

అయితే ఈ రోజు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది రోగి గురించి కాదు, పక్కన ఉండే మనిషి గురించి. ఒక రాత్రి మూడు గంటలకు, నాలుగోసారి తలుపు గడియ తీస్తున్న అమ్మను నేను గట్టిగా అరిచి చెయ్యి పట్టి లాగాను. ఆమె రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, "కొట్టొద్దమ్మా" అంది. నన్ను కన్న తల్లి నన్ను అమ్మా అని పిలిచి వేడుకున్న ఆ క్షణం తెల్లవారేసరికి ఆమెకు గుర్తులేదు. నాకు మాత్రం నేటికీ మరపు రాలేదు. ఎన్నాళ్లో ఎవరితోనూ చెప్పుకోలేదు, చెబితే పాపిష్టిదానినంటారని. తర్వాత తెలిసింది, ఈ సేవ చేసే ఇళ్లలో ఇలాంటి రాత్రి లేని ఇల్లు అరుదు. నెలల తరబడి కంటి నిండా నిద్ర లేని ఒంటికి కోపం రావడం ప్రేమ లేక కాదు. మనిషి ఎదురుగా ఉండగానే ఆ మనిషిని పోగొట్టుకున్న దుఃఖం కూడా అందులో కలిసి ఉంటుంది, దానికి ఓదార్చేవాళ్లు రారు.

2007లో వచ్చిన చట్టం తల్లిదండ్రుల పోషణను పిల్లల బాధ్యతగా చెప్పింది. ఆ బాధ్యత ఇంట్లో కూతురికో కోడలికో ఒక్కరికే చుట్టుకోవడం మాత్రం మనం చేసుకున్న ఏర్పాటు. వారానికి ఒక రాత్రి మరొకరు మేలుకోవడం దయ కాదు, వాటా. గుండె బరువెక్కినప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416, వృద్ధుల సహాయానికి 14567 నంబర్లున్నాయి, రెండూ ఉచితమే.

మా తమ్ముడు చిత్తూరులో ఉంటాడు. "అమ్మకు అన్నీ గుర్తుచేస్తా ఉండక్కా" అని ఫోన్లో చెప్పేవాడు. పోయిన నెల నేను గట్టిగా అడిగితే ఒక శనివారం వచ్చాడు. చేట ముందు కూర్చున్న అమ్మ తలెత్తి, "నువ్వెవరి పిల్లోడివి నాయనా?" అంది. వాడు కాసేపు మాట్లాడలేకపోయాడు. తర్వాత పక్కన చతికిలబడి, "మీ ఊరోడినేమ్మా" అని గుప్పెడు చెనక్కాయలు తీసుకున్నాడు. ఆ రాత్రి నేను పదింటికి పడుకుని తెల్లవారి ఆరింటికి లేచాను.