ట్రాక్ డేకి ముందు పవర్ స్టీరింగ్ సంగతి: ఆయిల్ కూలర్ రివ్యూ, వైజాగ్ ఆటోనగర్ నుంచి

అందరికీ నమస్కారం అండీ. గాజువాక ఆటోనగర్‌లో, మా మేస్త్రి గారి షెడ్డులో ఉన్నాను. పక్క షెడ్డులో డెంటింగ్ పని నడుస్తోంది, ఆ సుత్తి చప్పుడుకి కాస్త సర్దుకోండి.

నా చేతిలో ఉన్నది చూడండి. అరచేయంత అల్యూమినియం ముక్క, మధ్యలో సన్నని రెక్కలు, ఆయిల్ లోపలికి వెళ్లడానికి ఒక గొట్టం, బయటికి రావడానికి ఇంకొకటి. ఇది పవర్ స్టీరింగ్ ఆయిల్ కూలర్. మీకు చూపించాలనే కారు నుంచి విప్పాను. ఆరు నెలలుగా వాడుతున్నాను, ఈలోగా రెండు ట్రాక్ డేలు, అంటే మన సొంత కారుని రేసు ట్రాక్ మీద నడిపే రోజులు, అయ్యాయి. బాగుందా లేదా అన్నది చెప్తాను. కానీ అసలు ఇది ఎందుకు కొనాల్సొచ్చిందో ముందు చెప్పాలి.

నాది పాత టూ సీటర్, హైడ్రాలిక్ స్టీరింగ్, అంటే పంపు నెట్టే ఆయిల్ ఒత్తిడితో స్టీరింగ్‌కి సాయం అందే రకం. కారు పేరు చెప్పను, ఎందుకంటే జరిగినదాంట్లో తప్పు కారుది కాదు, నాది. పోయినేడాది చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లాం. ఇక్కణ్ణుంచి దాదాపు 800 కిలోమీటర్లు. దారి పొడుగునా ఏ ఇబ్బందీ లేదు. మధ్యాహ్నం సెషన్‌లో, స్ట్రెయిట్ అయిపోయి బ్రేకు కొట్టి లోపలికి తిప్పబోతే స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. మరుక్షణం వదులైంది. మళ్లీ బిగుసుకుంది. లోపలికి మాడు వాసన. అద్దంలో చూస్తే వెనక సన్నగా పొగ.

ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే పిట్స్‌లోకి వచ్చి బానెట్ ఎత్తాం. స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత చుట్టూ తడి. ఆ ఆయిల్ కారి ఎగ్జాస్ట్ మీద పడుతోంది, పొగ అక్కణ్ణుంచే. చల్లారాక మూత తీస్తే లోపల ఎర్రగా ఉండాల్సిన ఆయిల్, ఫిల్టర్ కాఫీ మీద నురగలా గోధుమరంగులో పొంగి ఉంది. కాలిన ఎగ్జాస్ట్ మీద ఆయిల్ అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆ రోజు మంట రాలేదు, అంతే.

ఎందుకు పొంగింది? స్టీరింగ్ పంపుని తిప్పేది ఇంజిన్ బెల్టు. మద్దిలపాలెం ట్రాఫిక్‌లో ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దాటదు. ట్రాక్ మీద 20 నిమిషాల పాటు 5000కి, 7000కి మధ్యే ఉంటుంది. అంటే పంపు కూడా మూడింతల వేగంతో తిరుగుతూనే ఉంటుంది. స్టీరింగ్‌కి అంత ఆయిల్ అక్కర్లేదు కాబట్టి, ఎక్కువైనదాన్ని పంపులోని వాల్వు మళ్లీ వెనక్కి తిప్పుతుంది. అదే ఆయిల్ అక్కడక్కడే చిలికినట్టు తిరిగి వేడెక్కుతుంది. దానికి తోడు సెమీ స్లిక్ టైర్లు వేస్తాం, అవి రోడ్డుని గట్టిగా పట్టుకుంటాయి, చక్రం తిప్పడానికి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. వేడెక్కిన ఆయిల్ వ్యాకోచిస్తుంది. పైన ఖాళీ లేకపోతే మూతలోంచే బయటికి వస్తుంది.

నా తప్పు అక్కడే. బయల్దేరే ముందు రోజు రాత్రి, ఇంజిన్ చల్లగా ఉండగా, ఆయిల్‌ని డబ్బా మీద, వేడిగా ఉన్నప్పటి మట్టం చూపే హాట్ గీత దాకా నింపేశాను. ఎక్కువుంటే మంచిదేలే అనుకున్నాను. చల్లగా ఉన్నప్పుడు కోల్డ్ గీత దగ్గరే ఆపాలండీ. ఆ పైనున్న ఖాళీ ఆయిల్ పెరగడానికి వదిలిన చోటు.

రెండోది మా మేస్త్రి గారు కనిపెట్టారు. కారు తెచ్చి షెడ్డులో స్టార్ట్ చేయగానే, "ఆ పంపు మూలుగుతోంది బాబూ, నీకు ఇనబడట్లేదేటి?" అన్నారు. నిజంగానే నాకు వినబడలేదు, ఎగ్జాస్ట్ మోతలో కలిసిపోయింది. డబ్బా నుంచి పంపుకి వెళ్లే గొట్టం క్లిప్పు వదులు. అక్కడ ఆయిల్ బయటికి కారదు, గాలి లోపలికి వెళ్తుంది. ఆయిల్‌లో గాలి కలిస్తే నురగ. నురగ నొక్కుకుపోతుంది, ఒత్తిడి నిలబడదు. స్టీరింగ్ బిగుసుకుంటూ వదులవుతూ ఉన్నది అందుకే.

కాబట్టి కూలర్ కొనే ముందు ఈ పని చేయండి. తెల్ల టిష్యూ మీద ఒక్క చుక్క ఆయిల్ వేయండి. ఇదిగో, ఎడమ పక్కది నా పాత ఆయిల్, కుడి పక్కది కొత్తది. పాతది నల్లగా, మధ్యలో మడ్డి. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన వాసన. ఇలా ఉంటే మార్చేయండి. ఏ ఆయిల్ అన్నది చాలావరకు మూత మీద రాసి ఉంటుంది. కొన్ని కార్లకి ఎర్రటి ఏటీఎఫ్, కొన్నిటికి ఆకుపచ్చ సీహెచ్ఎఫ్. రెండూ కలపకండి, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్లు పాడవుతాయి.

ఇక కూలర్. పని చేస్తోందా? చేస్తోంది. అదే ట్రాక్, అంతే ఎండ, పూర్తి సెషన్ అయ్యాక మూత చుట్టూ పొడిగా ఉంది, ఆయిల్ రంగు మారలేదు. కిట్‌లో నచ్చనివీ ఉన్నాయి. బిగించడానికి ఇచ్చిన ఇనుప పట్టీ చూడండి, ఆరు నెలలకే తుప్పు. మన సముద్రపు గాలికి అది ఆగదు, స్టెయిన్‌లెస్ స్టీల్‌ది చేయించుకున్నాను. గొట్టం పొట్టిగా ఉంది. అలాగని రేడియేటర్ నీళ్ల గొట్టం ముక్క తగిలించకండి, వేడి ఆయిల్‌కి ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. ఆయిల్ కోసమే చేసిన గొట్టం అడిగి తీసుకోండి.

కూలర్‌ని రిటర్న్ లైన్‌లోనే పెట్టాలి, అంటే ఆయిల్ డబ్బాలోకి తిరిగొచ్చే గొట్టంలో. ప్రెషర్ లైన్‌లో 70 బార్ పైనే ఒత్తిడి ఉంటుంది, ఇది తట్టుకోదు. గాలి సూటిగా తగిలే చోట, రేడియేటర్ ముందు బిగించండి. బిగించాక ముందు చక్రాలు నేలకి ఆనకుండా స్టాండ్ల మీద నిలబెట్టి, ఇంజిన్ ఆపేసి, స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా ఒక ఇరవై సార్లు తిప్పండి. బుడగలు వస్తుంటాయి, ఆయిల్ తగ్గుతుంటుంది, పోస్తూ ఉండండి. బుడగలు ఆగాకే స్టార్ట్ చేయాలి. ఈ ఒక్క పని తొందరపడి వదిలేస్తే పంపు పోతుంది. బీచ్ రోడ్డు మీద తిరిగే కారైతే రెక్కల్ని అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగండి.

కొత్త కార్ల వాళ్లు అడుగుతారు కాబట్టి: మీది ఎలక్ట్రిక్ స్టీరింగ్ అయితే ఈ కూలర్ మీకు అవసరం లేదు. 2011లో వచ్చిన 991 అనే తరం నుంచి పోర్షే 911 స్టీరింగ్ కూడా ఎలక్ట్రిక్కే. అందులో మోటారు వేడెక్కితే కంప్యూటరే సాయం తగ్గించేస్తుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్యాటరీ బాగుండేలా చూసుకోండి, సెషన్ చివర ఒక ల్యాప్ నెమ్మదిగా తిప్పి చల్లారనివ్వండి. భీమిలి దాకా వెళ్లొచ్చే డ్రైవ్‌కే వాడే హైడ్రాలిక్ కారుకీ కూలర్ దండగే, ఆ డబ్బుతో ఆయిల్ మార్చుకోండి.

ట్రాక్ మీద స్టీరింగ్ సాయం పోతే కంగారు పడకండి. చక్రాలకీ స్టీరింగ్‌కీ ఉన్న లింకు తెగదు, బరువెక్కుతుంది అంతే. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వేగం తగ్గించి, రేసింగ్ లైన్ వదిలి పక్కకి వచ్చేయండి. పొగ కనిపిస్తే పిట్స్ దాకా లాగొద్దు, ట్రాక్ సిబ్బంది నిలబడే మార్షల్ పోస్ట్ దగ్గరే ఆపి దిగిపోండి.

సరే, కూలర్ మళ్లీ బిగించేశారు, గాలి తీయడమూ అయింది. ఇప్పుడు స్టార్ట్ చేస్తున్నాను. మైకు పంపు దగ్గర పెడుతున్నాను. ముందు గాలి లేని పంపు చప్పుడు వినండి, తర్వాత ఆ రోజు మేస్త్రి గారు ఫోన్లో రికార్డు చేసిన మూలుగు వినిపిస్తాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.