నిజం తుప్పు పట్టించే రెండు సీసాలు: 1/24 బీటిల్ సైలెన్సర్ మీద వేసి చూశా

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, చిన్న మోడల్ కార్లకు నిజం తుప్పు పట్టించే ఈ రెండు సీసాల పెట్టె నాకు ఫ్రీగా వచ్చింది. అమ్మేవాళ్లు పంపారు. డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో వాళ్లకు ముందుగా చూపించలేదు. ఎన్ని ఎమ్మెల్, ధర ఎంత, అవన్నీ వదిలేద్దాం. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. మొదటి సీసాలో ఇనుప పొడి కలిపిన పెయింట్, రెండోదాంట్లో నీళ్లలా పల్చగా ఉండే యాక్టివేటర్. పెయింట్ పూసి, ఆరాక యాక్టివేటర్ వేస్తే అసలు తుప్పే పడుతుంది.

ఈ మూడు వారాలూ నేను ఎక్కువగా కూర్చున్నది ఆ రెండో సీసాతోనే. వీడియో కూడా చాలావరకు దాని గురించే.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా. 1/24 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ సైలెన్సర్, అంటే నిజం కారులో ఇరవైనాలుగో వంతు సైజు మోడల్‌ది, బొటనవేలి పై కణుపంత ఉంటుంది. పైభాగం చూడండి, ఫిల్టర్ కాఫీ డికాక్షన్ రంగు. కిందికి రండి. రెండు గొట్టాలు అతుక్కునే చోట నారింజ రంగు, పక్కనే ముదురు గోధుమ గీత. ఇవన్నీ నేను బ్రష్‌తో వేశాననుకుంటున్నారా? నేను చేసిందల్లా పైన ఒక్క చుక్క వదలడమే. అది తనంతట తాను జారి, అతుకు దగ్గర ఆగింది. అక్కడ తడి ఎక్కువసేపు ఉంది, తుప్పు అక్కడే చిక్కబడింది. నిజం బండిలోనూ ఇంతే కదండీ, నీళ్లు ఎక్కడ నిలిస్తే తుప్పు అక్కడ. మన చేత్తో వేస్తే ఎంత జాగ్రత్త పడ్డా అంతటా ఒకేలా వస్తుంది. చుక్క అలా కాదు, పల్లం చూసుకుని పోతుంది.

నేను పుదుపేట పాత స్పేర్ పార్ట్స్ వీధుల్లోకి వెళ్లి ఫోటోలు తీసుకుంటూ ఉంటాను. చెన్నైలో ఉంటూ ఈ హాబీ ఉన్నవాళ్లు ఒకసారైనా వెళ్లాలి. పోయినసారి ఒక షాపాయన, ఏం కొనకుండా ఫోటోలెందుకని అడిగారు. జేబులోంచి అప్పటికి చేసిన సైలెన్సర్ ముక్క తీసి చూపించా. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పితిప్పి చూసి, పక్కన వేలాడుతున్న నిజం సైలెన్సర్ దగ్గరికి తీసుకెళ్లారు. వెల్డింగ్ అతుకు మీద వేలు పెట్టి, ముందు ఇక్కడే తింటుంది, అదీ లోపల్నుంచి, అని తమిళంలో చెప్పారు. పెట్రోలు మండితే నీటి ఆవిరి కూడా వస్తుంది. సైలెన్సర్ చల్లారాక అది లోపలే నీళ్లయి నిలుస్తుంది. ఆయన మాట విన్నాకే ఇంటికొచ్చి చుక్కను సరిగ్గా అతుకు దగ్గరికే జారేలా దాని పైన వేయడం మొదలుపెట్టా. మీరు ఇప్పుడు చూసింది ఆ తర్వాత చేసిన ముక్క.

ఇంతకు ముందు నేనేం వాడేవాణ్ణి? మొదట్లో కావి పొడి. ఇక్కడ కోలం, అంటే ముగ్గు, చుట్టూ ఎర్ర అంచు వేస్తారే, అదే. ఆ ఎరుపు కూడా ఐరన్ ఆక్సైడ్‌దే, అందుకే రంగు బాగా కుదిరేది. కానీ ముట్టుకుంటే వేలికి అంటేది. తర్వాత విదేశీ పిగ్మెంట్ పొడులు కొన్నా. వాటి మీద మ్యాట్ వార్నిష్, అంటే మెరుపు లేని పూత, కొడితే సగం రంగు మాయం. ఒకసారి నవంబరు వానల్లో కొట్టా. గాలిలో తేమకి వార్నిష్ తెల్లగా పొగపట్టినట్టు అయిపోయింది. రెండు నెలల పని. ఆ బాధ ఇంకా ఉంది.

ఇక ఈ పెట్టె మీద నా కోపం. మొదటి సీసాలో ఇనుప పొడి బరకగా ఉంది. 1/24లో ఒక మిల్లీమీటరు అంటే నిజం కారు మీద 2.4 సెంటీమీటర్లు. పావు మిల్లీమీటరు రేణువు పడితే అది 6 మిల్లీమీటర్ల గడ్డతో సమానం! సైలెన్సర్ మీద సరిపోతుంది, తుప్పు పెచ్చులు లేచినట్టే ఉంటుంది. డోర్ మీద వేస్తే ఇసుక చల్లినట్టుంది. సీసా ఊపి, ఒక నిమిషం ఆగి, బరువు పొడి అడుక్కి దిగాక పైనుంచి తీసుకుంటే కొంచెం నయం. డోర్లకు నేను ఇప్పటికీ హెయిర్ స్ప్రే పద్ధతే వాడతా. కింద తుప్పు రంగు, దానిపై హెయిర్ స్ప్రే, ఆపైన బాడీ రంగు, తర్వాత గోరువెచ్చని నీళ్లతో బ్రష్ పెట్టి గీకడం, అప్పుడు పై రంగు అక్కడక్కడా లేచి కింది తుప్పు బయటపడుతుంది.

రెండో కోపం దీనికంటే పెద్దది. తుప్పును ఎప్పుడు, ఎలా ఆపాలో లోపలి కాగితంలో ఒక్క ముక్క లేదు. మాది తిరువాన్మియూరు, సముద్రం పక్కనే. బాల్కనీ గ్రిల్‌కి ఎన్నిసార్లు పెయింట్ వేసినా నిలవదు. అలాంటి ఇంట్లో మొదటి ముక్కను వార్నిష్ లేకుండా షెల్ఫ్‌లో పెట్టా. పది రోజులకు కింద కాగితం మీద నారింజ పొడి రాలి ఉంది. కాబట్టి తుప్పు మీకు నచ్చిన రంగుకి రాగానే పూర్తిగా ఆరబెట్టి, ఎండగా ఉన్న మధ్యాహ్నం రెండు పల్చని పూతలు వార్నిష్ కొట్టండి. రంగు కాస్త ముదురుతుంది, కాబట్టి ఒక మెట్టు ముందే ఆపండి.

ఇంకో మాట, దయచేసి ఇంజిన్ మొత్తానికి పూసేయకండి. బీటిల్ క్రాంక్‌కేస్, అంటే ఇంజిన్ అసలు పెట్టె, మెగ్నీషియం మిశ్రమం, దానికి ఎర్ర తుప్పు రాదు. కార్బురేటర్‌కీ రాదు. చుట్టూ ఉండే రేకు కవర్లు ఉక్కువి, వాటికి వస్తుంది.

కొనమంటానా? కొనండి. బరక పొడి మీద, ఆ కాగితం మీద ఇంత కోపం ఉన్నా కొనమనే అంటా. ఇది అయిపోతే నా డబ్బులతో ఇంకోటి తెచ్చుకుంటా. ఆ చుక్క జారే తీరు నాకు ఇంకే సీసాలోనూ దొరకలేదు.

ఇప్పుడు డోర్ల కింద ఉండే హీటర్ చానెల్, అంటే కారు లోపలికి వేడి గాలి తెచ్చే బోలు రేకు గొట్టం, తీసుకున్నా. పాత బీటిల్స్‌లో బాగా పుచ్చిపోయేది ఇదే. పెయింట్ ఆరింది. వెనక మూలన, నీళ్లు దిగి ఆగే చోట, ఒక్క చుక్క. అంతే, ఇక ముట్టుకోను. రేపు పొద్దున ఎలా ఉందో ఫోటో తీసి పెడతా.