కార్పొరేటర్ చేతిలో ఏముంది?

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఏ బస్తీలో మురుగు పొంగినా మొదటి ఫోన్ కార్పొరేటర్‌కే వెళ్తుంది. ఓటు కోసం గడప దాకా వచ్చింది ఆయనే కదా! ఆయన నగరంలో నీళ్లు, మురుగు చూసే జలమండలి వాళ్లకు ఫోన్ చేస్తాడు. బతిమాలతాడు, కోపమొస్తే అరుస్తాడు. అంతకు మించి ఏమీ చేయలేడు. 1989 చట్టంతో ఏర్పడిన జలమండలి రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, కార్పొరేటర్లు కూర్చునే కౌన్సిల్ అజమాయిషీలో లేదు.

నియంతలనో రాజులనో దించి ప్రజాస్వామ్యంలోకి వచ్చిన దేశాలకూ ఇదే చిక్కు. పార్లమెంటుకు ఎన్నికలు జరపడం ఒక ఎత్తు, ఊరి డబ్బు, ఊరి సిబ్బంది ఊరి చేతికివ్వడం ఇంకో ఎత్తు.

ఇండోనేషియా ఆ రెండోది ఒక్కసారిగా చేసేసింది. 1998లో నియంత సుహార్తో దిగిపోయాడు. మరుసటి ఏడే చట్టాలొచ్చాయి. 2001 జనవరి నుంచి బడులు, ఆసుపత్రులు, రోడ్లు జిల్లాలకు, నగరాలకు అప్పగించారు. దాదాపు 20 లక్షల మంది ఉద్యోగులనూ బదలాయించారు. లంచాలూ జకార్తా నుంచి జిల్లాలకు దిగాయనుకోండి! అక్కడి నాయకులను జనం చిట్టి రాజులని వెక్కిరించారు. అయినా 2005 నుంచి వాళ్లను నేరుగా ఎన్నుకుంటున్న ఆ జనమే, 2014లో పార్లమెంటు ఆ హక్కు తీసేస్తే ఊరుకోలేదు. కొద్ది రోజుల్లోనే అధ్యక్షుడు ఆర్డినెన్సుతో తిరిగి ఇవ్వాల్సి వచ్చింది.

ఇక నేపాల్. 2002లో స్థానిక సంస్థల గడువు ముగిస్తే, మళ్లీ ఎన్నికలు జరిగింది 2017లో. ఈలోగా అధికారులదే పాలన. మనకిది వింతేం కాదు లెండి, హైదరాబాద్ కార్పొరేషన్‌కూ 1986 తర్వాత మళ్లీ 2002లోనే ఎన్నికలు జరిగాయి. నేపాల్‌లో 2015 రాజ్యాంగంతో వచ్చిన స్థానిక ప్రభుత్వాలు 753. ప్రతి వార్డులో అధ్యక్షుడు కాక నలుగురు సభ్యులుంటారు. వాళ్లలో ఇద్దరు మహిళలు, ఆ ఇద్దరిలో ఒకరు దళిత మహిళ. ఉపమేయర్ న్యాయ సమితి నడపాలి. చాలా చోట్ల ఆ పదవిలో ఉన్నది మహిళే. పొలం గట్టు తగాదాలు, ఎగ్గొట్టిన కూలి, ముసలివాళ్లను పట్టించుకోని ఇళ్ల గొడవలు ఆమె ముందుకొస్తాయి. కోర్టు ఫీజు, బస్సు ఛార్జీ పెట్టుకోలేని మనిషికి అది చిన్న సాయం కాదు. అయితే ముఖ్య పాలనాధికారి మాత్రం ఇప్పటికీ ఖాట్మండు పంపిన మనిషే!

మన 74వ రాజ్యాంగ సవరణ నగరాలకు అప్పగించదగ్గ 18 అంశాల జాబితా ఇచ్చింది. నీటి సరఫరా అందులో ఉంది. కానీ ఏది ఎంత ఇవ్వాలో తేల్చేది రాష్ట్రాలే. 2020 హైదరాబాద్ బల్దియా (కార్పొరేషన్) ఎన్నికల్లో పోలింగ్ సగం కూడా దాటలేదని నగరవాసులను అందరూ తిట్టారు. బద్ధకం కొంత ఉండొచ్చు. కానీ ఇంటి ముందు మురుగు మీద పెత్తనం లేని మనిషిని ఎన్నుకోవడానికి క్యూలో నిలబడమంటే, జనం లెక్క జనం వేసుకోరా?