57,470 మంది చనిపోలేదు సామీ!

నిన్న అనంతపురం టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతున్నా. పక్కన ఒకాయన ఫోన్‌లో వీడియో మోగుతోంది: "సోమ్ యుద్ధంలో ఒక్కరోజే 57,470 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు!" ఈ ముక్క వినడం ఎన్నోసారో. టీ సగంలో వదిలేసి వచ్చి కెమెరా ఆన్ చేశా.

అది క్యాజువల్టీల లెక్క సామీ, అంటే చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, అందరూ కలిపి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని సోమ్ నది దగ్గర పోరు మొదలైన ఆ రోజు, 1916 జులై 1న, చనిపోయింది 19,240 మంది. మిగతా 38 వేల మందిలో ఎక్కువమంది గాయపడ్డవాళ్లు. ఆచూకీ లేనివాళ్లు, శత్రువుకు పట్టుబడ్డవాళ్లు కూడా అందులోనే.

"ఓహో, అయితే అంత మంది పోలేదు కదా" అంటారు కొందరు. ఆ మాటకే నాకు ఇంకా మండుతుంది.

మన చెనిక్కాయ చేను చూడండి. వాన మొహం చాటేస్తే కొన్ని చెట్లు ఎండిపోతాయి. దూరం నుంచే కనబడతాయి. కొన్ని పైకి పచ్చగానే ఉంటాయి, కానీ ఊడలు దిగే టైంలో నేలలో పదును ఉండదు. పీకి చూస్తే కాయే లేదు. ఎండిన చెట్లను మాత్రమే లెక్కేసుకుని పోతే మన రైతు ఊరుకుంటాడా?

షెల్ షాక్, అంటే యుద్ధంలో ఫిరంగి గుళ్ల మోతకు, భయానికి మనసు దెబ్బతినడం, ఆ పచ్చటి చెట్టే. ఒంటి మీద గీత కూడా ఉండదు. చేతులు వణుకుతుంటాయి, మాట పడిపోతుంది, నిద్ర రాదు. అలాంటివాళ్లను పిరికివాళ్లన్నారు. ఆ యుద్ధంలో పారిపోయారని, పిరికితనం చూపారని, ఇలాంటి నేరాలు మోపి బ్రిటిష్ సైన్యం తన సైనికులనే కాల్చి చంపింది. వాళ్లలో 306 మందికి 2006లో క్షమాభిక్ష పెట్టారు. తొంభై ఏళ్లకు! ఎవరికి పనికొచ్చిందో మరి.

ఇక ఆచూకీ లేనివాళ్లు. విత్తనం వేశాం, మొలక రాలేదు, తవ్వితే గింజా దొరకలేదు. ఫ్రాన్స్‌లోని థీప్వాల్ స్మారకం మీద 72 వేలకు పైగా పేర్లున్నాయి. అన్నీ సమాధి ఎక్కడుందో తెలియనివాళ్లవే.

సరే, పంట పోతే పాస్‌బుక్ ఉన్న రైతు పేరైనా జాబితాకెక్కుతుంది. ఆ చేన్లో కలుపు తీసే కూలమ్మ పేరు ఎవరు రాస్తారు? యుద్ధంలో మామూలు జనం ఆ కూలమ్మే. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు, 1942లో బర్మా జపాన్ చేతికి పోయింది, అక్కడి బియ్యం ఆగిపోయాయి. జపాన్ వాళ్లకు దొరక్కూడదని బెంగాల్ తీరంలో పడవలను మన బ్రిటిష్ దొరలే లాగేసుకున్నారు. ధరలు కూలివాడికి అందకుండా పోయాయి. 1943 కరువులో సుమారు 30 లక్షల మంది పోయారు. ధాత కరువు కథలు విని పెరిగినవాళ్లం, ఆకలి చావు అంటే ఏంటో మనకు నేను చెప్పక్కర్లేదు. ఏ యుద్ధరంగం క్యాజువల్టీల్లోనూ వీళ్లు లేరు.

అయ్యో, కరెంట్ పోయే టైం అయింది, త్వరగా చెప్పేస్తా. అదే యుద్ధంలో రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరాన్ని జర్మన్ సైన్యం ముట్టడించింది, 872 రోజులు. అక్కడ కూడా పౌరులను ఎక్కువగా చంపింది ఆకలే. దాని గురించి ఇంకో వీడియో చేస్తా.

ఒక్కటి మాత్రం చెప్పి ఆపేస్తా. పంట నష్టం రాసేవాళ్లు ఒకరోజు వచ్చి రాసుకుని పోతారు కదా, ఆ తర్వాత పోయింది లెక్కలోకి రాదు. వియత్నాం పక్కనున్న లావోస్ దేశం మీద అమెరికా 1964 నుంచి 1973 దాకా 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. అందులో పేలని చిన్న బాంబులు కోట్లలో మట్టిలో ఉండిపోయాయి. అక్కడివాళ్లు వాటిని 'బాంబీ' అంటారు. మన గుంటకకు రాయి తగిలితే తిట్టుకుంటూ పక్కకు తీసి పారేస్తాం. అక్కడి రైతు పారకు ఏదో తగిలి టంగుమంటే, చేతులు అక్కడే ఆగిపోతాయి.