ఇల్కా బోటు రిగ్గింగ్: అసలు పనంతా వాంగ్ దగ్గరే

హాయ్ అండీ, నమస్తే! ఇవాళ ఇల్కా-7ని నీళ్లలోకి దింపేముందు ఎలా సెట్ చేయాలో చూద్దాం. అదేనండీ, మొన్నటిదాకా లేజర్ అనేవాళ్లం. ఒక్కరే నడిపే తెరచాప బోటు, సెయిల్ (తెరచాప) 7.06 చదరపు మీటర్లు. మాస్ట్‌ని (తెరచాప స్తంభాన్ని) పట్టి ఉంచే వైర్లు ఒక్కటీ ఉండవు. కాబట్టి ట్యూనింగ్ అంటే తాళ్లతో మాస్ట్‌ని వంచడమే.

బోటు ముక్కు గాలికి ఎదురుగా పెట్టండి. మాస్ట్ రెండు ముక్కల అతుకు వదులుగా ఉంటే ఒక చుట్టు టేపు వేయండి. బ్యాటెన్లు (సెయిల్ బిర్రుగా నిలవడానికి అందులో దూర్చే సన్నటి బద్దలు) పెట్టి, సెయిల్‌ని మాస్ట్‌కి తొడిగి, డెక్‌ గుంతలోకి నిటారుగా దింపాలి. దానికి ముందే ఆ గుంతలో నీళ్లు పోసి కడగండి. ఇసుక ఉండిపోతే మాస్ట్ తిరిగినప్పుడల్లా అడుగు అరుగుతుంది. నింపిన నీళ్ల మట్టం కాసేపటికి దిగిపోతోందా? చిల్లు పడ్డట్టే, ఆ రోజుకి బోటు దించకండి.

బోల్తా పడితే మాస్ట్ ఊడిపోకుండా దాని తాడు కట్టేయండి. తర్వాత బూమ్ (సెయిల్ అడుగు అంచున ఉండే అడ్డ గొట్టం), వాంగ్ (బూమ్‌ని కిందికి లాగి పట్టే తాడు), అవుట్‌హాల్ (సెయిల్ అడుగు అంచుని బూమ్ కొస వైపు లాగే తాడు), కనింగ్‌హామ్ (సెయిల్ ముందు అంచుని మాస్ట్ వెంట కిందికి లాగే తాడు) అమర్చండి. మెయిన్‌షీట్ (సెయిల్‌ని లోపలికి లాగడానికి, వదలడానికి చేత్తో పట్టుకునే తాడు) చివర ముడి మర్చిపోవద్దు. బోటు వెనక అడ్డంగా ఉండే ట్రావెలర్ తాడు మాత్రం బిర్రుగా లాగాలి, లేదంటే దాని మీద జరిగే పుల్లీ టిల్లర్‌కి (చుక్కాని పిడికి) తగులుకుంటుంది. ఒడ్డున ఉన్నంతసేపూ వాంగ్ వదులుగానే ఉంచండి. బిగిస్తే ట్రాలీ మీదే సెయిల్‌కి గాలి పట్టి బోటు పక్కకి పడుతుంది.

గాలికి ఎదురెక్కేటప్పుడు మెయిన్‌షీట్‌ని బూమ్ కొసనున్న పుల్లీ, ట్రావెలర్ పుల్లీ రెండూ తాకేదాకా లాగి, వాంగ్‌లో మిగిలిన వదులు తీసేయండి. మామూలు గాలికి ఇదే సరైన కొలత. గాలి పెరిగితే ఇంకా గట్టిగా లాగాలి. అప్పుడే షీట్ వదిలినా బూమ్ పైకి లేవకుండా పక్కకి వెళ్తుంది, మాస్ట్ వంగే ఉంటుంది, సెయిల్ చదునుగా ఉంటుంది. కనింగ్‌హామ్ కూడా అప్పుడే బాగా దించాలి. తక్కువ గాలిలో దాన్ని ముట్టుకోకండి, మాస్ట్ పక్కన నాలుగు ముడతలు కనిపించినా నష్టం లేదు. అవుట్‌హాల్‌కి మామూలు గాలిలో బూమ్ మధ్యలో సెయిల్‌కీ బూమ్‌కీ మధ్య 10 నుంచి 15 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు దాటి ఉంటే చాలు.

గాలి వాలుకి తిరిగేముందు వాంగ్ వదలాలి. వదలకపోతే బోటు ఒరిగినప్పుడు బూమ్ కొస నీళ్లలో తగిలి బోల్తా కొట్టిస్తుంది. మరీ వదిలేస్తే సెయిల్ పైభాగం ముందుకి మెలితిరిగి, బోటు గాలి వచ్చే వైపుకే దొర్లుతుంది. అటు ఊగడం మొదలవగానే ముందు షీట్‌ని కాస్త లోపలికి లాగండి, వాంగ్ సంగతి తర్వాత.