పాత ల్యాప్‌టాప్‌కు ర్యామ్ వేయించాలా? అక్క ల్యాప్‌టాప్ విప్పి చూశాను

నమస్కారం. ఈ బల్ల మీద ఉన్నది మా అక్క 2018లో కొన్న ల్యాప్‌టాప్. ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5-8250యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ (నడుస్తున్న పనులను తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ), ఫైళ్లు దాచుకునే ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్. విశాఖ లాసన్స్ బే కాలనీలో సముద్రానికి కూతవేటు దూరంలో ఇన్నేళ్లూ పనిచేసిన ఈ యంత్రాన్ని ఇప్పుడు ఆన్ చేసి, టీ కాచుకుని వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటోంది. "ర్యామ్ వేయించేస్తే అయిపోతుంది కదరా" అని అక్క అడిగింది. అవునో కాదో కొలిచి చెబుదామని ఈ వీడియో మొదలుపెట్టాను.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే ఏది ఎంత వాడుకలో ఉందో చూపే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. దాన్ని రోజువారీ పని నడుస్తున్నప్పుడే చూడాలి. ఏమీ తెరవకుండా కొలవడం జ్వరం తగ్గాక థర్మామీటర్ పెట్టుకున్నట్టు ఉంటుంది. అక్క జీఎస్టీ లెక్కలు చూస్తుంది కాబట్టి పెద్ద ఎక్సెల్ ఫైళ్లు నాలుగు, బ్రౌజర్‌లో ఇరవై దాకా ట్యాబులు, పక్కన ఒక వీడియో కాల్ పెట్టి చూశాను. మెమరీ 93 శాతం, డిస్క్ 100 శాతం చూపించింది. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత భాగాన్ని డిస్క్ మీదికి దించి, అవసరమైనప్పుడు మళ్లీ పైకి తెచ్చుకుంటుంది. అది జరుగుతోందని, విండోస్‌లోనే ఉండే రిసోర్స్ మానిటర్‌లో సెకనుకు వచ్చే హార్డ్ ఫాల్ట్‌ల (డిస్క్ నుంచి వెనక్కి తెచ్చుకోవలసి వచ్చిన సందర్భాల) సంఖ్య ఎగిరెగిరి పడుతూ చెప్పింది. అయితే ఆన్ చేసిన కొత్తలో, ఏ ప్రోగ్రామూ తెరవక ముందు, మెమరీ 40 శాతమే ఉన్నా డిస్క్ మాత్రం అప్పుడు కూడా 100 దగ్గరే ఉంది. అంటే రోగాలు రెండు, ర్యామ్ వాటిలో ఒకదానికే మందు.

ఇక ఏ ర్యామ్ పడుతుందన్నది. అదే టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే వేగం 2400 అనీ, ర్యామ్ బిగించే రెండు స్లాట్లలో ఒకటే వాడుకలో ఉందనీ చూపించింది. ఆ స్లాట్ల లెక్క ఒక్కోసారి తప్పు చెబుతుంది కనుక మూత తీసి కళ్లతో చూశాకే డబ్బు పెట్టండి. అక్కడే ఫార్మ్ ఫ్యాక్టర్ (ర్యామ్ ఆకారం) దగ్గర ఎస్‌ఓడిమ్ అని ఉంటే అది విడదీయగలిగే ర్యామ్ పలక, వాడుకలో కర్ర అంటాం. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే బోర్డుకు టంకం వేసిన మెమరీ, వేరే స్లాట్ లేకపోతే అక్కడితో ఆ ఆలోచన ముగిసినట్టే. ఇంకా పాత యంత్రాలవాళ్లకు ఒక హెచ్చరిక. మూడేళ్ల కిందట నా పాత ల్యాప్‌టాప్‌కు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ రకం ర్యామ్ కావలసి ఉండగా ఒక దుకాణంలో 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 ఇచ్చారు. రెండింటి పిన్నులూ 204, గాటు కూడా ఒకే చోట, చక్కగా కూర్చుంది. తెర మాత్రం వెలగలేదు. మదర్‌బోర్డు పోయిందనుకుని ఆ రాత్రంతా దిగులుపడ్డాను.

16 జీబీ కర్ర ఒక్కటి కొని పాతది తీసేయడం కంటే, ఉన్న ఎనిమిదికి మరో ఎనిమిది జతచేయడమే నాకు నచ్చింది. అక్క ల్యాప్‌టాప్‌లోది డీడీఆర్4 రకం. 2400 వేగంలో అది ఒక చానెల్‌లో, అంటే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య ఉన్న ఒక దారిలో, సెకనుకు గరిష్ఠంగా 19.2 జీబీ మోస్తుంది, రెండు చానెళ్లయితే 38.4. ఈ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేక ర్యామ్‌నే పంచుకుంటుంది కాబట్టి ఆ తేడా దానికి బాగా పనికొస్తుంది. 3200 వేగం కర్ర అమ్మజూపితే దానికోసం ఎక్కువ ఇవ్వకండి, ఇందులో అదీ 2400 దగ్గరే నడుస్తుంది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. అందుకే ద్వారకానగర్‌లో పరీక్షించి ఇచ్చే సెకండ్‌హ్యాండ్ కర్రనే తీసుకున్నాను.

బిగించేటప్పుడు ఛార్జర్ తీసి, లోపలి బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీశాను. స్టాటిక్ విద్యుత్తు గురించి అందరూ భయపెడతారు, ఇనుప వస్తువును ఒకసారి ముట్టుకోవడం మంచిదే. కానీ మన విశాఖ ఉక్కపోతలో నాకు అసలు భయం నుదుటి మీది చెమట చుక్క బోర్డు మీద పడుతుందేమోనని. పాత కర్ర తీసి చూస్తే బంగారు రంగు పిన్నుల మీద మసకగా పొర కనిపించింది. మెత్తటి తెల్ల రబ్బరుతో సుతారంగా రుద్ది, పొడి దులిపాను. కొత్తదాన్ని ముప్పై డిగ్రీల వాలులో లోపలికి నెట్టి, కిందికి అదిమితే పక్కనున్న రెండు కొక్కేలూ టక్కుమని పట్టుకుంటాయి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కాసేపు నల్లగానే ఉంది, కంగారుపడి ఆపేయకండి. ఆ రాత్రి ర్యామ్‌లో లోపాలు వెతికే మెమ్‌టెస్ట్ నడిపి వదిలేశాను, ఒక్క తప్పూ రాలేదు.

ఫలితం ఇది. అదే పని భారం మీద మెమరీ 58 శాతానికి దిగింది, ఎక్సెల్ నుంచి బ్రౌజర్‌కు మారినప్పుడు కాసేపు బిగుసుకుపోవడం పోయింది. ఆన్ కావడానికి మాత్రం మునుపటంత సమయమే పట్టింది. అక్క ముఖం చూడలేకపోయాను. హార్డ్ డిస్క్ స్థానంలో అదే సాటా కనెక్టర్‌కు సరిపోయే ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో పనిచేసే వేగవంతమైన డిస్క్) పెట్టాకే అది టీ కాచుకునే లోపే సిద్ధమైంది. కాబట్టి ఒక్కదానికే డబ్బున్నవాళ్లు, ఇంకా హార్డ్ డిస్క్ మీదే నడుస్తుంటే, ముందు ఎస్‌ఎస్‌డీ కొనండి.

ఏడో తరం, అంతకు ముందు ప్రాసెసర్లున్నవాళ్ల లెక్క వేరు. విండోస్ 10 మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది, విండోస్ 11 ఆ ప్రాసెసర్లలో చాలావాటిని అధికారికంగా ఒప్పుకోదు. అలాంటి యంత్రంలో నేటి ధరకు ర్యామ్ వేయమని నేను చెప్పను. రేపు కొత్తది కొన్నప్పుడు ఈ ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ ఉన్న చిన్న డబ్బాలో పెట్టి పెన్‌డ్రైవ్‌లా వాడుకోవచ్చు. 260 పిన్నుల డీడీఆర్4 కర్ర మాత్రం 262 పిన్నుల డీడీఆర్5 స్లాట్‌లో ఎంత అదిమినా కూర్చోదు.