మహానగరం వదిలి మధ్యస్థాయి నగరానికి మారాలా? అద్దె దగ్గర ఆగిపోయే లెక్క

మహానగరం వదిలి మధ్యస్థాయి నగరానికి మారిపోదామన్న మాట చాలా ఇళ్లలో అద్దె పెరిగిన నెలలోనే మొదటిసారి వినిపిస్తుంది. అద్దెతో మొదలైన ఆ లెక్క చివరికి అద్దె దగ్గరే ఆగిపోతుంది కూడా. ఈ వీడియోలో ఆ లెక్కను మరికొంత దూరం తీసుకెళ్దాం.

ముందుగా మధ్యస్థాయి అంటే ఎంతో తేల్చుకుందాం. ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) లెక్క ప్రకారం 2 లక్షల నుంచి 5 లక్షల వరకు జనాభా ఉన్న పట్టణ ప్రాంతం మధ్యస్థాయిది, 15 లక్షలు దాటితే పెద్ద మహానగర ప్రాంతం. జనాభా ఎక్కువగా ఉన్న దేశాల్లో ఈ కొలత సహజంగానే పైకి జరుగుతుంది. ఐక్యరాజ్యసమితి 2018లో వెలువరించిన అంచనాల ప్రకారం, ప్రపంచంలో పట్టణాల్లో ఉంటున్నవారిలో దాదాపు సగం మంది 5 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలోనే ఉన్నారు, కోటి జనాభా దాటిన మహానగరాల్లో ఉన్నది 8 మందిలో ఒక్కరే. కాబట్టి మారబోయేవారు ఏదో మూలకు వెళ్లిపోతున్నామని బెంగ పెట్టుకోనక్కరలేదు.

[తెరపై: తెల్ల కాగితం, మధ్యలో నిలువు గీత, రెండు వైపులా అంకెలు]

ఇప్పుడు డబ్బు సంగతి చూద్దాం. ఉదాహరణకు, మహానగరంలో మీ నెల జీతం 100 భాగాలు అనుకోండి. అందులో అద్దెకు 35, రాకపోకలకు 8, మిగతా ఖర్చులన్నిటికీ 40 పోగా, చేతిలో 17 మిగులుతుంది. కొత్త నగరంలో జీతం 80కి తగ్గింది, అద్దె 18కి, రాకపోకలు 4కి దిగాయి. అయితే మిగతా ఖర్చులు 40 నుంచి 38కి మాత్రమే దిగాయి, ఎందుకంటే ఫోను బిల్లు, బీమా ప్రీమియం, ఆన్‌లైన్‌లో కొనే వస్తువులు, విమానం టికెట్టు మీరు ఏ ఊళ్లో ఉన్నారో చూసి ధర తగ్గించవు. తగ్గేవి స్థలంతోనూ స్థానికుల శ్రమతోనూ ముడిపడినవి: ఇల్లు, ఇంటి పనికి సాయం, మరమ్మతులు, పిల్లల సంరక్షణ. ఇలా లెక్కేస్తే మిగులు 20 కనిపిస్తుంది, మూడు భాగాలు లాభం అనిపిస్తుంది.

ఇక్కడే చాలామంది పెన్ను మూత పెట్టేస్తారు. ఇంట్లో రెండో వాహనం అవసరం కావడం, తల్లిదండ్రులనో వైద్యుణ్నో చూడటానికి ఏడాదికి నాలుగైదుసార్లు పాత నగరానికి వెళ్లిరావడం కలిపితే, ఆ మూడు భాగాలు కరిగిపోయి మిగులు మళ్లీ 17 దగ్గరికే వస్తుంది. పైగా ఏటా 5 శాతం జీతం పెరిగినా, 100 మీద 5 వచ్చేచోట 80 మీద 4 మాత్రమే వస్తుంది; జీతాన్ని బట్టి లెక్కగట్టే పదవీ విరమణ నిధి కూడా అదే దారిలో నడుస్తుంది. మీ అంకెలు వేరుగా ఉండవచ్చు. పాత జీతంతోనే మారగలిగినవారి లెక్క పూర్తిగా వేరు, వారికి ఈ ప్రయాణం నిజంగానే లాభం. జీతం తగ్గించుకుని వెళ్లేవారు మాత్రం డబ్బు మిగులుతుందన్న ఆశతో వెళ్లకపోవడం మేలని నా అభిప్రాయం. వారికి నిజంగా మిగిలేది సమయం.

[తెరపై: గోడ గడియారం, సాయంత్రం 6 గంటల 40 నిమిషాలు]

పనిరోజున ఇంటికి చేరే వేళను ఊహించుకోండి. మహానగరంలో ఎనిమిదింపావుకి చెప్పులు విప్పే మనిషికి ఇంట్లో కనిపించేది తినేసిన కంచాలు, నిద్రమత్తులో ఉన్న పిల్లవాడు. మధ్యస్థాయి నగరంలో ఆరూ నలభైకి వచ్చినవారికి అదే పిల్లవాడు లెక్కల పుస్తకం ముందు కూర్చుని, మూడో లెక్క దగ్గర ఆగిపోయి కనిపిస్తాడు. ప్రయాణంలో రోజుకు గంట మిగిలినా, 240 పనిదినాలకు 240 గంటలు, అంటే రాత్రింబవళ్లు కలిపి నిండా పది రోజులు.

అయితే ఈ లాభం దానంతట అది నిలవదు. మనుషులు ఏ కాలంలోనైనా, ఏ వాహనం ఉన్నా, సగటున రోజుకు గంట వరకు ప్రయాణానికి వెచ్చిస్తారని ఇటలీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త చెజారె మార్కెట్టి 1994లో ప్రతిపాదించారు. అంతకుముందు రవాణా పరిశోధకుడు యాకోవ్ జహావి చేసిన పరిశీలనలు దానికి ఆధారం. వేగం పెరిగితే సమయం మిగుల్చుకోకుండా మరింత దూరంగా కాపురం పెడతారన్నది దాని సారాంశం. కొత్త నగరంలోనూ అదే జరుగుతుంది: రోడ్లు ఖాళీగా ఉన్నాయి కదా అని ఊరి చివర పెద్ద ఇల్లు తీసుకుంటారు, రెండేళ్లు తిరిగేసరికి వదిలించుకున్న ప్రయాణమే మళ్లీ మెడకు చుట్టుకుంటుంది. ఇంకో సంగతి, బస్సులు అరగంటకో ముప్పావు గంటకో ఒకటి తిరిగే నగరంలో బండి నడపలేని పెద్దవారినీ పిల్లలనూ ఎవరో ఒకరు దించి రావాలి. ఇంట్లో ఒకరికి మిగిలిన గంట మరొకరి దగ్గర ఖర్చవుతూ ఉంటుంది, అది ఏ లెక్కలోకీ ఎక్కదు.

అన్నిటికంటే బరువైనది ఉద్యోగం. ఇప్పుడున్న ఉద్యోగం కంటే దాని తరువాతి ఉద్యోగం గురించి ఎక్కువగా ఆలోచించాలి. ఒకే రకం నైపుణ్యం ఉన్నవారు, ఆ నైపుణ్యం కావలసిన యజమానులు ఒకేచోట చేరితే ఇద్దరికీ వెతుకులాట తగ్గుతుందని ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లోనే వివరించారు. నగరాల మీద పనిచేసిన శాస్త్రవేత్తలు లూయిస్ బెట్టెన్‌కోర్ట్, జెఫ్రీ వెస్ట్ తదితరులు 2007లో ప్రచురించిన పరిశోధన ఆ మాటకు అంకెలు చేర్చింది: నగర జనాభా రెట్టింపైనప్పుడు తలసరి ఆదాయం లాంటివి సుమారు 15 శాతం వరకు అదనంగా పెరుగుతాయి. తీవ్రమైన నేరాలు, వ్యాధుల వ్యాప్తి కూడా ఇంచుమించు అదే తీరులో పెరుగుతాయన్నది అదే పరిశోధన చెప్పిన మాట, మహానగరాన్ని పొగిడేవారు దాన్ని దాటవేస్తుంటారు.

అందుకే ఒక పని చేయండి. మీరు వెళ్లదలచిన నగరంలో మీ పనికి జీతం ఇవ్వగల సంస్థల పేర్లు కాగితం మీద రాయండి. ఆరేడు పేర్లు తడుముకోకుండా వస్తే నిశ్చింతగా ఉండవచ్చు. రెండో పేరు దగ్గరే కలం ఆగితే, ఆ నగరంలో మీ భవిష్యత్తు మొత్తం ఒక్క యజమాని చేతిలో ఉన్నట్టే. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఈ కాగితం ఇద్దరికీ విడివిడిగా రాయాలి. ఇద్దరూ పెద్ద చదువులు చదివిన దంపతులు 1940 నుంచి 1990 వరకు అమెరికాలో పెద్ద మహానగరాల్లోనే ఎక్కువగా చేరుతూ వచ్చారని ఆర్థికవేత్తలు డోరా కోస్టా, మాథ్యూ కాన్ 2000లో చూపించారు, ఇద్దరికీ ఒకే ఊళ్లో తగిన పని దొరకడం మిగతాచోట్ల కష్టమవడమే అందుకు ముఖ్య కారణమని వివరించారు. ఒకరికి మంచి అవకాశం వచ్చిందని మారి, మరొకరు ఏడాదిపాటు దరఖాస్తులు పెట్టుకుంటూ ఇంట్లో కూర్చుంటే, తగ్గిన అద్దె ఆ లోటును పూడ్చదు. ఇంటి నుంచి పని అనే వెసులుబాటుతో మారేవారు దాన్ని నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా తీసుకోవాలి, పై అధికారి మారినప్పుడు నోటిమాట కూడా మారుతుంది.

వైద్యం విషయం క్లుప్తంగా చెబుతాను. జ్వరానికీ కాన్పుకూ ఎముక విరిగినప్పుడూ మధ్యస్థాయి నగరంలోని ఆసుపత్రులు సాధారణంగా సరిపోతాయి. అరుదైన జబ్బులు చూసే నిపుణుడు నిలదొక్కుకోవాలంటే రోగులు ఎక్కువగా ఉండాలి, అందుకే అలాంటివారు పెద్ద జనాభా ఉన్నచోటే ఉంటారు. ఇంట్లో దీర్ఘకాలిక వ్యాధి ఉన్నవారు అద్దె అడిగే ముందు ఆ నిపుణుడు ఎంత దూరంలో ఉన్నాడో తెలుసుకోవాలి.

ఇరుగుపొరుగు సంగతికొస్తే, బడి దగ్గర కలిసినవారే బజారులోనూ కలుస్తారు. కొందరికి అది ఆసరా, మరికొందరికి ఉక్కపోత. మీరు ఏ కోవకు చెందుతారో మీకే తెలుస్తుంది.

[తెరపై: తాళంచెవి, పక్కనే ఏడాది అద్దె ఒప్పందం]

సెలవులకు వెళ్లి మూడు రోజులు తిరిగి, ఊరు భలే ప్రశాంతంగా ఉందని తీర్మానించేవారి మాట మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. సెలవుల్లో ఏ ఊరైనా ప్రశాంతంగానే ఉంటుంది. అక్కడ బాగా ఇబ్బంది పెట్టే వాతావరణం ఉన్న రోజుల్లో ఒక పనివారం ఉండి చూడండి. బడి వదిలే వేళకు రోడ్డు మీద నిలబడండి, నీళ్లూ కరెంటూ ఎలా వస్తున్నాయో ఇంటి యజమానిని కాకుండా పక్కింటివారిని అడగండి, మీ ఆఫీసు మీటింగు ఒకటి అక్కడి నెట్ మీదే నడిపి చూడండి.

ఆ తరువాత కూడా ఇల్లు వెంటనే కొనవద్దు. కొనేవారు తక్కువగా ఉన్న నగరంలో ఇల్లు కొనడం సులభం, అమ్మడం నెలల తరబడి సాగే పని. మీరు దూరంగా ఉన్న కాలంలో మహానగరంలో అద్దెలు మరింత పెరిగితే, తిరిగి రావాలనుకున్నప్పుడు 80 భాగాల జీతంతో ఆ అద్దెలను ఎదుర్కోవలసి వస్తుంది. అందుకని మొదటి ఏడాది అద్దె ఇంట్లోనే ఉండి, ఒప్పందం ముగియడానికి రెండు నెలల ముందు, అంచనాలు వేసుకున్న అదే కాగితాన్ని బయటికి తీసి, వాటి పక్కన అసలు ఖర్చులనూ ఇంటికి చేరిన వేళలనూ రాయండి.